'వెరీ' వేరు, 'టూ' వేరు

మన విద్యార్థి మిత్రులకు ఇంగ్లీషులో 'టూ' అనే మాట మీద మక్కువ ఎక్కువ. సినిమా బాగుంటే 'టూ గుడ్'. లెక్చరర్ గారు మంచివారైతే 'టూ గుడ్'. కాంటీన్ వడ కూడా 'టూ గుడ్'! కబుర్లలో దీన్నెవరూ తప్పు పట్టరు. కాని రేపు ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు ఈ చిన్న మాటే కొంప ముంచవచ్చు. అందుకే దీన్ని గురించి నాలుగు ముక్కలు చెప్పదలిచాను.

'వెరీ' అంటే చాలా. 'టూ' అంటే మరీ. ఉండవలసిన హద్దు దాటిందన్నమాట. వినయం మంచిదే గాని, 'అతి వినయం ధూర్త లక్షణం' అంటారు మనవాళ్లు. 'టూ'లో ఉన్నది ఆ 'అతి'యే. 'వెరీ క్లెవర్' అంటే మెచ్చుకోలు, 'టూ క్లెవర్' అంటే అతితెలివి. దరఖాస్తులో 'ఐ యామ్ టూ కాన్ఫిడెంట్' అని రాస్తే, మన నోటితో మనమే 'నాకు మితిమీరిన ధీమా' అని చెప్పుకున్నట్టు!

ఇక రెండో సంగతి. 'ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్' అంటే టీ తాగలేనంత వేడిగా ఉందని. ఇంగ్లీషు వాక్యంలో 'నాట్' ఎక్కడా లేదు, అయినా అర్థంలో 'లేను' ఉంది చూశారా? తెలుగులో మన 'లేనంత' చేసే పనే అక్కడ 'టూ', 'టు' కలిసి చేస్తాయి. చివర 'ఇట్' కూడా అక్కరలేదు. పరీక్షలో 'సో–దట్'గా మార్చమంటే మాత్రం దాగినవి రెండూ బయటికి రావాలి: 'ద టీ ఈజ్ సో హాట్ దట్ వియ్ కెనాట్ డ్రింక్ ఇట్'.

మూడోది కొలతల సంగతి. లెక్కపెట్టగలిగిన వాటికి 'టూ మెనీ బుక్స్', లెక్కపెట్టలేని వాటికి 'టూ మచ్ వాటర్'. విశేషణం ఒక్కటే ఉంటే 'టూ హాట్' చాలు. 'టూ మచ్ హాట్' అనరాదు. ఇంకా నొక్కి చెప్పాలంటే 'మచ్ టూ హాట్' అనవచ్చు.

ఒక మినహాయింపు ఉంది. 'ఐ షల్ బి ఓన్లీ టూ గ్లాడ్ టు హెల్ప్' అంటే సాయం చేయలేనని కాదు, ఎంతో సంతోషంగా చేస్తానని! ఇది నుడికారం, ఉన్నదున్నట్టు నేర్చుకోవలసిందే. వాక్యం చివర వచ్చే 'టూ'కు 'కూడా' అని మరో అర్థం ఉన్నది మీకు తెలిసిందే.

ఇన్ని సూత్రాలు గుర్తుండవంటారా? సంతకం పెట్టే ముందు 'టూ' ఉన్నచోటల్లా 'మరీ' పెట్టి చదువుకోండి. ఎబ్బెట్టుగా తోచిన చోట 'వెరీ' రాయండి. దరఖాస్తు గట్టెక్కుతుంది.