కంపెనీ పోయినా.. మాట మిగిలింది!

నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. పాత ఇంగ్లిష్ సినిమాల్లో కనిపించేది చాలావరకు కంప్యూటర్ కాదు, టెర్మినల్. అంటే ఒక తెర, ఒక కీబోర్డు. అంతే! అసలు లెక్కలు వేరే గదిలోని పెద్ద యంత్రం చేసేది.

చిక్కల్లా ఒక్కటే. తెర చెరపాలన్నా, కర్సర్ జరపాలన్నా ఒక్కో కంపెనీది ఒక్కో కోడ్. 1971లో వచ్చిన ఐబీఎం 3270ది ఒక దారైతే, అమెరికాలోనే మేనార్డ్ పట్టణానికి చెందిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌ది మరో దారి. దీన్నే డెక్ అంటారు.

1978లో డెక్ వీటీ100 టెర్మినల్ తెచ్చింది. అప్పటికింకా ముసాయిదాగానే ఉన్న ఆన్సీ ప్రమాణాన్ని అందులో వాడింది. ఏ కోడ్‌కు ఏం జరుగుతుందో మాన్యువల్లో రాసిచ్చింది. అది బాగా అమ్ముడుపోవడంతో మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి.

తర్వాత పీసీలొచ్చాయి. పీసీని టెర్మినల్‌లా నటింపజేసే సాఫ్ట్‌వేర్ పుట్టింది. అదే టెర్మినల్ ఎమ్యులేషన్. కొలంబియా యూనివర్సిటీ వారి కెర్మిట్ అలా పేరు తెచ్చుకున్నదే. పెద్ద యంత్రానికి మాత్రం అవతల ఉన్నది పీసీ అని తెలియనే తెలియదు! పాత ప్రోగ్రాములు తిరగరాసే ఖర్చు తప్పింది.

1998లో డెక్‌ను కాంపాక్ కొనేసింది. 2002లో కాంపాక్ కూడా హెచ్‌పీలో కలిసిపోయింది. అయినా లినక్స్ సర్వర్లు నడిపేవాళ్ల పుట్టీ, ఎక్స్‌టర్మ్ ఇవాళ్టికీ వీటీ టెర్మినళ్ల కోడ్‌లనే పాటిస్తున్నాయి. గుట్టుగా దాచుకుని ఉంటే ఆ కోడ్ కంపెనీతోనే పోయేది. నలుగురికీ చెప్పింది కాబట్టే నిలిచింది.