పదకొండు శుభలేఖలు

మా అమ్మాయి పెళ్ళి కార్డులు అచ్చయి వచ్చిన రోజు నా భార్య ఒక చిన్న కట్ట విడిగా తీసి పెట్టింది. పదకొండు కార్డులు. అచ్చయిన వాటిలో మొదటి కార్డు ఇలవేల్పు ముందు పెట్టాం. ఆ వెంటనే ఈ పదకొండింటికీ నాలుగు మూలలా పసుపు రాసింది. చుట్టాలకు ఇంకా ఒక్కటీ పోలేదు. ఈ కట్ట మాత్రం మా అమ్మాయికి చదువు చెప్పిన టీచర్లది.

మా పిల్ల 2010లో ఐదో తరగతికి సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరింది. మాది నిజామాబాద్ జిల్లా. నేను మండల విలేకరిని. పత్రిక ఇచ్చేది బండి పెట్రోలుకు సరిపోయేది. ఇల్లు నడిచింది నా భార్య బీడీలు చుడితేనే. ట్రంకు పెట్టె, తాళం, బకెట్టు, రెండు దుప్పట్లతో పదేళ్ల పిల్లను ఆ గేటు లోపల వదిలి వచ్చిన సాయంత్రం బస్సులో మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. బిడ్డను సాకలేక వదిలేశామన్న బాధ నన్ను చాలాకాలం తొలిచింది.

ఇంట్లో ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు నాకు తెలుసు. దీపం పెట్టే వేళకు తల్లి పక్కన చాట ముందు కూర్చుని బీడీలకు దారం చుట్టేది. మా వాడలో దాని ఈడు పిల్లలు కొందరు అలాగే బడి మానేశారు. బీద పిల్లలకు పుస్తకాలు, ఫీజు ఇస్తే సరిపోదు, సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా చదువుకునే చోటు కావాలి. గురుకులం ఆ మూడు గంటలు ఇచ్చింది. ఆ మూడు గంటలూ తన ఇల్లు, తన పిల్లలను వదిలి స్టడీ అవర్‌లో ఒక టీచర్ కూర్చుంటేనే అది వీలయింది.

గురుకుల బడుల కథ అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అక్కడ తొలి గురుకులం తెరిచారు. మరుసటి ఏడాది రాయలసీమకు కొడిగెనహళ్లి, కోస్తాకు తాడికొండ వచ్చాయి. ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు, 1986 జాతీయ విద్యా విధానంతో, ఆ ఆలోచన నవోదయ విద్యాలయాలుగా దేశమంతా వెళ్ళింది. ఇవన్నీ నేను విలేకరిగా తెలుసుకున్నవి. తండ్రిగా తెలుసుకున్నది వేరు.

చేరిన ఏడాదే, నెలకోసారి తల్లిదండ్రులను కలవనిచ్చే ఆదివారం, లెక్కల మేడం రిజిస్టర్ ముందుకు జరిపారు. నా భార్య బొటనవేలు చాపింది. "నాకు సంతకం రాదు మేడం" అంది తల వంచుకుని. మేడం ఇంకుప్యాడ్ ఇచ్చి, వేలిముద్ర తీసుకుని, పక్కన నిలబడ్డ మా పిల్లను పిలిచారు. "ఈ ఎండాకాలం సెలవులకు నీకు వేరే హోంవర్క్ లేదురా. అమ్మకు సంతకం నేర్పు. జూన్‌లో ఇదే రిజిస్టర్‌లో చూస్తా" అన్నారు.

ఆ ఎండాకాలం మా ఇంటి గచ్చంతా సుద్దగీతలే. పొద్దంతా ఆకు కత్తిరించిన చేతులు పలక బలపం పట్టుకుంటే వణికేవి. జూన్‌లో నా భార్య తన పేరు రాసింది. చివరి అక్షరం గడి దాటి బయటికి పోయింది. మేడం దాన్ని మిగతా టీచర్లందరికీ చూపించి, మరుసటి సెలవులకు అక్షరమాల మొత్తం హోంవర్క్ ఇచ్చారు. ఆ పని చేయమని ఏ ఉత్తర్వూ లేదు. దానికి మార్కులూ లేవు.

2014 మే 25న మా జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. తాడ్వాయి గురుకులం విద్యార్థిని. వయసు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఖమ్మం జిల్లా ఆనంద్‌కుమార్ కూడా ఆమెతో ఎక్కాడు. మా పిల్ల సెలవులకు ఇంట్లోనే ఉంది. పేపరు చేత్తో పట్టుకుని, "మా గురుకులం పిల్లనే నాన్నా" అని వాడంతా తిరిగింది. తాడ్వాయి దాని బడి కాదు. అయినా ఆ "మా" అనే మాట దానికి ఆ టీచర్లే నేర్పారు.

నేను ఒప్పుకోవలసినది ఒకటుంది. హాస్టళ్లలో నీళ్లు లేవని, పప్పులో పురుగులని, స్నానాల గదులకు తలుపులు లేవని ఎన్నో వార్తలు పంపాను. అవి రాయాల్సినవే, ఇప్పటికీ రాయాలి. కానీ అర్ధరాత్రి జ్వరంతో మూలుగుతున్న పిల్ల నుదుట తడిగుడ్డ మారుస్తూ తెల్లవార్లూ కూర్చున్న హౌస్ టీచర్ గురించి ఒక్క వాక్యం పంపలేదు. ఆ పిల్ల నా కూతురే. మా అమ్మాయి ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినప్పుడల్లా నాకు ఆ హౌస్ టీచర్ గుర్తుకొస్తారు.

ధన్యవాదం చెప్పడం ఇంత ఆలస్యం చేస్తే మనుషులు దొరకరు. బదిలీల మీద బదిలీలై మా పదకొండు మంది ఐదు జిల్లాలకు చెదిరిపోయారు. ముగ్గురు రిటైరయ్యారు. పాత రిజిస్టర్లు, వాట్సాప్ గ్రూపులు, ఒకరి నుంచి ఒకరికి ఫోన్లు. నాలుగు ఆదివారాలు తిరిగాం. లెక్కల మేడం సిద్దిపేటలో ఉన్నారు. కార్డు అందుకుని లోపలి కాగితం తీయకముందే కవరు మీద పేరు చూసి ఆగిపోయారు. కొంచెం వంకరగా ఉన్న అక్షరాలు. "ఎవరు రాశారు?" అన్నారు. నా భార్య మాట్లాడలేక తన చెయ్యి చూపించింది.

పది కార్డులు చేరాయి. మిగిలిన ఒక్కటి, రాత్రిళ్ళు హాస్టల్ పిల్లలకు కావలి పడుకున్న ఆయమ్మది. ఆమెనూ మా అమ్మాయి టీచరమ్మనే అంటుంది. సొంతూరు మెదక్ వైపని తెలిసింది. వచ్చే ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరుతున్నాం.