గ్లౌజుల పొడి కథ

ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజులు వచ్చింది రోగి కోసం కాదు, ఒక నర్సు చేతుల కోసం. 1889–90 చలికాలంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ దగ్గర కరోలిన్ హాంప్టన్ పనిచేసేది. చేతులు కడుక్కునే మెర్క్యురిక్ క్లోరైడ్ ఆమెకు పడక దద్దుర్లు లేచాయి. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పలుచని గ్లౌజులు చేయించి ఇచ్చాడు. 1890లో ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. గ్లౌజులు వేసుకుంటే రోగి గాయం చీము పట్టడం కూడా తగ్గుతుందని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది.

చిక్కల్లా వాటిని తొడుక్కోవడంలోనే. తడి చేతికి రబ్బరు పట్టేస్తుంది, వేళ్లు లోపలికి పోవు. అందుకని పొడి చల్లడం మొదలుపెట్టారు. ఎక్కువగా వాడింది టాల్కం. గ్లౌజు లాగి మణికట్టు దగ్గర వదిలితే ఆ పొడి గాలిలోకి లేస్తుంది, పైన అంటుకున్నది పొట్టలోకి రాలుతుంది. రాయిని నూరిన పొడిని శరీరం అరిగించుకోలేదు. దాని చుట్టూ గడ్డలు కట్టాయి, పేగులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

1947లో టాల్కం బదులు మొక్కజొన్న పిండి వచ్చింది. మన మన్యంలో బొర్రా గుహల దగ్గర నిప్పుల మీద కాల్చి అమ్మే ఆ కంకుల పిండే! తినే వస్తువు కదా, ఒంట్లో కరిగిపోతుందిలే అనుకున్నారు. చాలామందిలో కరిగింది కూడా. కొందరిలో మాత్రం ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు జ్వరం, కడుపునొప్పి, పొట్టలో నీరు. మళ్లీ కోసి చూస్తే పేగుల నిండా తెల్లని చిన్న బుడిపెలు. క్యాన్సరో, క్షయో అని భయపడేవారు. ముక్క తీసి పోలరైజ్డ్ వెలుతురున్న మైక్రోస్కోపు కింద పెడితే ప్రతి రేణువు మీదా తెల్లటి శిలువ గుర్తు మెరిసేది. అది పిండి గింజ ఆనవాలు.

పేగులు అసలెందుకు అతుక్కుంటాయి? పొట్ట లోపలి గోడనూ పేగులనూ కప్పి, ఒకే వరుస కణాలున్న నున్నని పొర ఉంటుంది. దాన్ని పెరిటోనియం అంటారు. అది గీరుకున్నా, ఆరిపోయినా, రక్తం అందకపోయినా అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు పదార్థం ఊరుతుంది. అలా దెబ్బతిన్న రెండు చోట్లు ఆనుకుంటే బంక రాసిన కాగితాల్లా పట్టుకుంటాయి. మామూలుగా శరీరమే నాలుగైదు రోజుల్లో ఆ ఫైబ్రిన్‌ను కరిగించేస్తుంది. కరగకపోతే అందులోకి నారకణాలు, రక్తనాళాలు చేరి అది శాశ్వతమైన పట్టీగా మారుతుంది. బ్రిటన్ సర్జన్ హెరాల్డ్ ఎల్లిస్ తన ప్రయోగాల్లో ఒక వింత చూపించాడు. గాయపడ్డ పొరను బిగించి కుడితే రక్తం అందక ఎక్కువగా అతుక్కుంటుంది, కుట్టకుండా వదిలేస్తే శుభ్రంగా మానుతుంది. 1990లో ఆయన, మరో వైద్యుడు మెంజీస్ కలిసి అంతకుముందు పొట్ట ఆపరేషన్ అయిన 210 మందిని పరిశీలిస్తే 93 శాతంలో ఈ అతుకులు కనిపించాయి. చాలామందికి వాటితో ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం ఏళ్ల తర్వాత పేగు మెలిపడి, దారి మూసుకుపోతుంది.

చివరికి అమెరికా పొడి గ్లౌజులను నిషేధించింది. నిషేధం 2017 జనవరి 18న అమల్లోకి వచ్చింది. పొడి వద్దనడానికి అరవై ఏళ్లకు పైగా పట్టడం నాకు బాధ కలిగిస్తుంది. పొడి లేని గ్లౌజు ఏ అద్భుత విద్యా కాదు. రబ్బరును క్లోరిన్ నీటిలో కడిగితేనో, లోపల పలుచని పూత పూస్తేనో చెయ్యి జారుతుంది.

అంతకుముందే, 1996లో, అతుకులను ఆపడానికి సెప్రాఫిల్మ్ వచ్చింది. హైలురోనిక్ ఆమ్లం, సెల్యులోజ్ కలిపి చేసిన పారదర్శకమైన పొర. గాయానికీ పేగుకూ మధ్య పరిస్తే ఒకటి రెండు రోజుల్లో జెల్‌గా మారి, వారం దాకా అడ్డుగా నిలిచి, తర్వాత కరిగి బయటికి పోతుంది. పెళుసుగా విరుగుతుంది, తడి గ్లౌజుకు అంటుకుపోతుంది, తడి లేని చేత్తో చటుక్కున పెట్టాలి. సుమారు 1,700 మందిపై చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, అతుకుల వల్ల పేగు మూసుకుపోయి మళ్లీ కోయాల్సి రావడం 3.4 శాతం నుంచి 1.8 శాతానికి తగ్గింది. మొత్తంగా పేగు మూసుకుపోయే కేసులు మాత్రం తగ్గలేదు. ఖరీదూ ఎక్కువే. అందుకే మన మన్యం ఆస్పత్రులకు ముందు కావలసింది పొడి లేని గ్లౌజు, తడి ఆరనివ్వని గాజుగుడ్డ, పేగును మెత్తగా పట్టుకునే చెయ్యి అంటాను. వీలైనచోట చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ.

ఎందుకంటే ఇక్కడ సిజేరియన్లూ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లూ, గర్భసంచి తీసివేతలూ అరుదేం కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలింది. దేశ సగటు 3.2. ఆ మహిళల్లో ఒకరి ఇల్లు అనంతగిరి కొండల్లో, రోడ్డు దాకా డోలీ మోయాల్సిన గూడెంలో ఉండొచ్చు. అరకు నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రికి ఘాట్ దిగి వెళ్లాలంటే నూరు కిలోమీటర్ల పైమాట. బిగుసుకున్న పేగుకు రక్తం ఆగిపోతే గంటల్లో నల్లబడి కుళ్లుతుంది.

పొట్ట మీద పాత కోత మచ్చ ఉండి, నొప్పి అలలు అలలుగా వస్తూ, కడుపు ఉబ్బి, పచ్చ వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే అది అజీర్తి అనుకోకూడదు. ఏమీ తినకుండా, తాగకుండా, పాత ఆపరేషన్ కాగితం పట్టుకుని బయల్దేరాలి. ముక్కులోంచి రైల్స్ ట్యూబు వేసి కడుపు ఖాళీ చేసి, సెలైన్ ఎక్కిస్తే చాలామందికి కత్తి పెట్టకుండానే పేగు తెరుచుకుంటుంది. ఈ రెండు పనులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మొదలుపెట్టి, ఆ తర్వాత ఘాట్ దిగొచ్చు.