టెండర్‌లో బిడ్ కొట్టేస్తే కోర్టు ఏం చూస్తుంది?

రామగుండం ఎన్టీపీసీ, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల సింగరేణి గనులు, ఆదిలాబాద్ ఊళ్ల రోడ్లు. ఉత్తర తెలంగాణలో ప్రభుత్వ పనులు చాలావరకు టెండర్ల దారిలోనే చేతులు మారుతాయి. చిన్న కాంట్రాక్టుకు దిగిన దళితుడి బిడ్ టెక్నికల్ దశలోనే పడిపోతే అతని ధర ఎంతో చూసేవాళ్లే ఉండరు. కోర్టుకు పోవచ్చా? పోవచ్చు. రాజ్యాంగం 226వ అధికరణం కింద తెలంగాణ హైకోర్టులో రిట్ వేయవచ్చు. కానీ అక్కడ ఏం అడగాలో తెలిసి పోవాలి.

హైకోర్టు టెండర్ కమిటీ మీద అప్పీలు కోర్టు కాదు. ఎవరి బిడ్ మంచిదో అది తేల్చదు, నిర్ణయం జరిగిన తీరును చూస్తుంది. 1994 నాటి టాటా సెల్యులార్ తీర్పు ఈ గీత గీసింది. 2006లో జగదీశ్ మండల్ కేసులో సుప్రీంకోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది: దురుద్దేశంతోనో, ఒకరికి మేలు చేయడానికో, బుద్ధి ఉన్నవాళ్లెవరూ తీసుకోని విధంగానో నిర్ణయం జరిగిందా? ప్రజా ప్రయోజనం దెబ్బతిన్నదా? రెండింటికీ 'లేదు' అని జవాబొస్తే కోర్టు వేలు పెట్టదు.

మన విద్యార్థులు తప్పక చదవాల్సింది 1979 నాటి రమణ దయారాం శెట్టి కేసు. బొంబాయి విమానాశ్రయంలో హోటల్ నడపడానికి ఐదేళ్ల హోటల్ అనుభవం ఉండాలని షరతు పెట్టి, ఆ అర్హత లేనివారికే పని ఇచ్చారు. ప్రభుత్వ సంస్థ తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలని, లేకుంటే 14వ అధికరణాన్ని ఉల్లంఘించినట్టేనని కోర్టు తేల్చింది. అయినా కాంట్రాక్టును రద్దు చేయలేదు. పిటిషనర్ నెలల తరబడి ఆగి వచ్చాడు, ఈలోగా అవతలివారు డబ్బు పెట్టేశారు. సూత్రం గెలిచింది, మనిషికి ఏమీ దక్కలేదు.

చిన్న కాగితం లోపంతో బిడ్ పోయినవాళ్లకు 1991 నాటి పొద్దార్ స్టీల్ తీర్పు పనికొస్తుంది. డిపాజిట్ చెక్కు స్టేట్ బ్యాంకుది కాక యూనియన్ బ్యాంకుది కావడం అసలు షరతును ఉల్లంఘించడం కాదని, అధికారులు దాన్ని సడలించవచ్చని కోర్టు చెప్పింది. సడలింపు ఒకరికి ఇచ్చి మరొకరికి ఇవ్వకపోతే? 2024లో బొగ్గు సంస్థ భారత్ కోకింగ్ కోల్‌పై బన్సీధర్ కన్‌స్ట్రక్షన్ వేసిన కేసు అలాంటిదే. పత్రాల విషయంలో ఇద్దరు బిడ్డర్లను రెండు కొలతలతో కొలిచారని సుప్రీంకోర్టు ఆ కాంట్రాక్టును కొట్టేసింది. సింగరేణి ప్రాంతంలో బిడ్ వేసేవాళ్లు దీన్ని దగ్గర పెట్టుకోవాలి.

మాకు అసలు గోడగా కనిపించేది షరతులే. ఇంత టర్నోవర్, ఇంత పాత అనుభవం అంటే తాతల నాటి నుంచి కాంట్రాక్టులు చేసినవాళ్లకే దారి. షరతులు రాసుకునే స్వేచ్ఛను కోర్టులు ప్రభుత్వానికి విస్తారంగానే ఇచ్చాయి. అయితే 2025లో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ సంస్థలకే గతంలో సరఫరా చేసి ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎన్టీపీసీ వంటి కేంద్ర సంస్థలు వస్తువులు, సేవల కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానమూ ఉంది. అది ఒక్కో సంస్థకు విడిగా హక్కు ఇవ్వకపోయినా, అమలు చేయాల్సిన బాధ్యత అధికారులదేనని, దానిపై న్యాయసమీక్ష ఉంటుందని 2025లోనే కోర్టు చెప్పింది.

బిడ్ పోయిన రోజే కారణం రాతపూర్వకంగా అడగండి. 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ తీర్పు ప్రకారం, ఉత్తర్వులో లేని కొత్త కారణాలను అధికారులు తర్వాత అఫిడవిట్‌లో అతికించలేరు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజులు పట్టవచ్చు, దాని కోసం రిట్ ఆపకండి. రోడ్ల వంటి మౌలిక వసతుల పనులకు స్టే ఇవ్వడానికి కోర్టులు వెనకాడాలని 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ తీర్పు చెప్పింది. వర్క్ ఆర్డర్ ఇచ్చి యంత్రాలు దిగాక వచ్చేవాళ్లకు మహా అయితే నష్టపరిహారం దారే మిగులుతుంది.