తోటలో అతిథి గదులు: ఆన్‌లైనులో అద్దెకిచ్చు పద్ధతి

అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతములలో వలిసె పూత విచ్చినదనగా మైదానము నుండి కార్లు బారులు తీరును. చలికాలమున శనివారము వచ్చినచో అరకులో గది దొరకుట కష్టము. ఇది చూచి కాఫీ రైతులు పలువురు, "మా తోటలో కూడ రెండు గదులు వేసి టూరిస్టులకు ఇచ్చినచో ఎట్లుండును?" అని అడుగుచున్నారు. ఆలోచన మంచిదే. కాఫీ ధర పడిపోయిన యేట ఈ రాబడి ఇంటిని నిలబెట్టగలదు. అయితే గది కట్టుట ఒక పని, ఆ గదికి మనిషిని రప్పించుట మరొక పని. మొదటిదానికి బ్యాంకులో అప్పు పుట్టును. రెండవది రైతు స్వయముగా నేర్చుకొనవలసినదే.

ముందు లెక్క

రెండు గదులకు, స్నానపు గదులకు, నీటి ట్యాంకునకు కలిపి 8 లక్షల రూపాయలు అప్పు చేసితిరనుకొందము. వడ్డీ నూటికి 10, గడువు 10 ఏండ్లు. నెలకు సుమారు 10,570 రూపాయల చొప్పున ఏడాదికి సుమారు 1,27,000 రూపాయలు వాయిదా కట్టవలెను. గదికి రోజు అద్దె 2,000 పెట్టితిరనుకొనుడు. ఆన్‌లైను కంపెనీ కమీషను నూటికి 15 వేసినచో 300 పోవును. దుప్పట్లు ఉతుకుటకు, సబ్బులకు 150, గది శుభ్రము చేయు మనిషికి 200, కరెంటుకు, వేడినీళ్లకు 100 వేసికొనుడు. మిగులునది 1,250. రెండు గదులును నిండిన రాత్రి చేతికి వచ్చునది 2,500. వాయిదా మాత్రము తీరవలెనన్నను ఏడాదికి 51 రాత్రులు రెండు గదులు నిండవలెను.

ఇక క్యాలెండరు చూడుడు. అక్టోబరు 1 నుండి ఫిబ్రవరి ఆఖరు వరకు శుక్ర, శనివారముల రాత్రులు సుమారు 43 మాత్రమే. వాటిలో ఒక్కటియు ఖాళీ పోకున్నను ఇంకను 8 రాత్రులు తక్కువ. ఇంటిల్లిపాది పడు కష్టమునకు ఇంతవరకు ఒక్క రూపాయి కూడ లెక్క వేయలేదు.

కాబట్టి సంక్రాంతి నాటి రద్దీని చూచి అప్పు కాగితముపై సంతకము చేయరాదు. మంగళవారపు అతిథి, జూలై నెల అతిథి ఎక్కడి నుండి వచ్చునో తెలిసిన పిమ్మటనే పునాది తీయవలెను. ఇంటిలో ఇప్పటికే ఖాళీగా ఒక గది ఉన్నచో దానికి సున్నము వేసి, మరుగుదొడ్డి బాగు చేసి, ఒక యేడు నడిపి చూచుట మేలని నా అభిప్రాయము.

శనివారపు అతిథి ఏ తలుపైనను తట్టును. మంగళవారము వచ్చువానికి లోయ అంతట ఖాళీ గదులే. అతడు హైదరాబాదులోనో, విశాఖపట్నములోనో ఇంట కూర్చుండి ఫోనులో పది ఇండ్లు పోల్చి చూచి ఒకటి ఎన్నుకొనును. ఆ పదింటిలో మీ ఇంటిని అతడు నమ్మవలెను.

ఎక్కడ చేర్చవలెను

1996లో పుట్టిన బుకింగ్ డాట్ కామ్, 2000లో మన దేశముననే మొదలైన మేక్‌మైట్రిప్, 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఎయిర్‌బీఎన్‌బీ మన వైపు ఎక్కువగా వినబడు పేర్లు. కమీషను కంపెనీకొక రీతిగా ఉండును. కొందరు ఇంటివాని నుండి, కొందరు కొంత అతిథి నుండి కూడ తీసికొందురు. చేరునప్పుడే ఆ నిబంధన చదివించుకొని, పై లెక్కలో ఆ అంకె వేసి చూచుకొనవలెను. మొదట ఒక్క కంపెనీలో చేరుట చాలును.

దానితోబాటు గూగుల్ మ్యాపులో మీ ఇంటి పేరు ఉచితముగా నమోదు చేసికొనుడు. మన గ్రామములలో మ్యాపు గుర్తు తరచు గెడ్డకు ఆవలి ఒడ్డున పడుచుండును. ఫోను చేత పట్టుకొని మీ వాకిటిలో నిలబడి గుర్తు సరిచేయవలెను. మ్యాపులో చూచి నేరుగా ఫోను చేయు అతిథికి కమీషను లేదు.

ఒక ముఖ్య విషయము. ఖాతా మీ పేరున, మీ ఫోను నంబరుపైన, మీ బ్యాంకు ఖాతాతో ఉండవలెను. "అంతయు మేము చూచుకొందుము, మీరు సంతకము పెట్టుడు" అని పట్నము నుండి వచ్చువారు కలరు. వారి ఖాతాలో మీ ఇంటిని పెట్టినచో, అతిథులు వ్రాసిన మంచి మాటలన్నియు వారి ఖాతాలోనే ఉండును. వారు వెడలిపోయిన నాడు అవి కూడ పోవును; మీరు తిరిగి మొదటి నుండి ప్రారంభింపవలెను. వారు భూమినే లీజుకు అడిగినచో మరింత జాగ్రత్త. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించిరి. వాడుకలో 1/70 అని పిలుచు ఆ చట్టము ప్రకారము షెడ్యూలు ప్రాంతమున గిరిజనుని భూమిని గిరిజనేతరునికి అమ్ముటయు చెల్లదు, లీజుకిచ్చుటయు చెల్లదు.

ఉన్నదున్నట్లు

మామిడి గంపలో పై వరుసన మంచి కాయలు పేర్చి అడుగున గుల్ల కాయలు పోయువానిని మండీలో ఒక్కసారి కొందురు. రెండవసారి అతని గంప చివరి వరకు గుమ్మరించి చూచిన గాని బేరము ఆడరు. ఆన్‌లైనులో ఆ గుమ్మరించు పని ప్రతి అతిథియు చేయును, చేసి పదిమందికి కనబడునట్లు వ్రాయును.

ఫోటోల విషయమే తీసికొందము. వలిసె పూతలో తీసిన ఒక్క ఫోటో వేయి మందిని ఆకర్షించును. ఫిబ్రవరిలో వచ్చినవానికి కనబడునది మోడులు మిగిలిన చేను. ఆ ఫోటో వేయవద్దనుట లేదు. దాని క్రింద "నవంబరు చివరి వారము" అని వ్రాయుడు. అట్లే మార్చి, ఏప్రిల్ నెలలలో వాన పడిన తరువాత తెల్లగా విచ్చు కాఫీ పూత, జూలైలో గెడ్డలు నిండి పారుట, సిల్వరు ఓకు చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగ, ఇవి ఒక్కొక్కటి నెల పేరుతో చూపినచో చలికాలము కాని రోజులకు కూడ మనుష్యులు వత్తురు. మీకు తక్కువ పడిన 8 రాత్రులు ఇక్కడ నుండియే రావలెను.

గది ఫోటో ఉదయము మంచు విడిన తరువాత తీయవలెను. కిటికీలు తెరచి, ఫోను అద్దము గుడ్డతో తుడిచి, ఫోనును అడ్డముగా పట్టుకొని, గది మూల నుండి తీయుడు. మంచము, స్నానపు గది, మరుగుదొడ్డి, భోజనము పెట్టు చోటు, మెట్లు, ఇంటికి వచ్చు చివరి మట్టి బాట, అన్నియు ఉండవలెను. మట్టి బాట ఫోటో పెట్టుమనగానే కొందరు రైతులు నవ్వుదురు. చిన్న కారు అడుగు తగులు బాటను ముందుగా చూపినచో, వచ్చువాడు జీపులో వచ్చును, లేదా రోడ్డుపై కారు నిలిపి నడచి వచ్చును. చూపనిచో వచ్చి తగవులాడును. 2009లో న్యూయార్కు ఇండ్లకు బేరములు లేకున్నప్పుడు ఎయిర్‌బీఎన్‌బీ యజమానులే కెమెరా పట్టుకొని ఇల్లిల్లు తిరిగి మంచి ఫోటోలు తీసిరి. ఆ పిమ్మటనే వారి రాబడి అక్కడ పెరిగినది.

పేరు పెట్టునప్పుడు ప్యారడైజు, రిసార్టు వంటి మాటలు వలదు. "కాఫీ తోటలో రెండు గదులు, ఇంటి భోజనము" అనునది చాలును. వివరములలో ఇవి తప్పక ఉండవలెను: అరకు రైల్వే స్టేషను నుండి ఎన్ని కిలోమీటర్లు, వేడినీళ్లు గీజరువా, కట్టెల పొయ్యివా, మరుగుదొడ్డి ఏ తరహాది, కరెంటు పోయినచో ఏమి ఏర్పాటు, ఏ కంపెనీ ఫోను సిగ్నలు అందును, భోజనములో ఏమి పెట్టుదురు, మనిషికి ఎంత. ల్యాపుటాపు తెచ్చుకొని తోటలో నుండియే ఉద్యోగము చేసికొనువారు వారపు మధ్య రోజులకు మంచి అతిథులు, కాని వారికి ఇంటర్నెట్టు నిలకడగా ఉండవలెను. లేనప్పుడు లేదని వ్రాయుడు.

పలువురు మరచునది డ్రైవరు సంగతి. కుటుంబముతో వచ్చువారిలో చాలమంది అద్దె కారులో వత్తురు. డ్రైవరు పండుకొనుటకు ఒక మంచము, అతనికి భోజనము కలవని వ్రాసినచో ఎంతయో మేలు. మంచి నిద్ర పోయిన డ్రైవరు తరువాతి బేరమును మీ ఇంటికే తెచ్చును. శృంగవరపుకోట దాటిన తరువాత ఘాటు రోడ్డు కాబట్టి చీకటి పడకముందే రావలెనని కూడ అతిథికి ముందుగా తెలుపవలెను.

అతిథుల మాటలు, తేదీల పుస్తకము

అతిథి వెళ్లిన తరువాత ఎయిర్‌బీఎన్‌బీలో 14 దినములలోపు ఇరుపక్షముల వారును అభిప్రాయము వ్రాయవచ్చును. ఇద్దరును వ్రాసిన పిమ్మట గాని, గడువు ముగిసిన పిమ్మట గాని అవి బయట పడవు. అక్కడ సూపర్‌హోస్టు అను గుర్తు రావలెనన్నచో సగటు మార్కులు 5కు 4.8 ఉండవలెను, అడిగినవారిలో నూటికి 90 మందికి 24 గంటలలోపు బదులియ్యవలెను, ఇంటివారు రద్దు చేసిన బుకింగులు నూటికి 1 కంటె తక్కువ ఉండవలెను, ఏడాదికి కనీసము 10 బసలు జరుగవలెను. తోటలో సిగ్నలు లేదని ఫోను చూడకున్నచో ఈ గుర్తు రాదు. ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి సిగ్నలు అందు చోటికి పోయి చూచుట అలవాటు చేసికొనవలెను. కాలేజీ చదువుచున్న అమ్మాయి ఇంట ఉన్నచో ఈ పని ఆమెకు అప్పగించి, రాబడిలో ఆమెకు వాటా వ్రాయుట న్యాయము.

చుట్టముల చేత పొగడ్తలు వ్రాయించవద్దు. ఎవరైన తప్పు ఎత్తి వ్రాసినచో వాదమునకు దిగక, "నీళ్లు చల్లగా ఉన్న మాట నిజము, గీజరు మార్పించితిమి" అని రెండు ముక్కలు వ్రాయుడు. మార్పించిన తరువాతనే వ్రాయుడు.

ఒకే గదిని రెండు చోట్ల పెట్టి, ఫోనులో మూడవవానికి మాట ఇచ్చినచో శనివారము రాత్రి వాకిట రెండు కుటుంబములు నిలబడును. ఇంటిలో ఒక నోటు పుస్తకము ఉంచుడు. ఏ బుకింగు వచ్చినను వెంటనే అందులో వ్రాసి, యాపులో ఆ తేదీ మూసివేయవలెను.

ధర విషయములో ఒక మాట. టమాటా అయినను రెండు దినములు నిలువ ఉండును. ఈ రాత్రి ఖాళీ పోయిన గది రేపటికి నిలువ ఉండదు. వారపు మధ్య గదిని 1,300కు ఇచ్చినను, కమీషను 195, ఖర్చులు 450 పోగా 655 మిగులును. మూడు రాత్రులు ఉండువారికి ధర తగ్గించు ఏర్పాటు యాపులలోనే కలదు. డిసెంబరు 31న మూడింతలు గుంజుట మాత్రము నాకు నచ్చదు. అంత ఇచ్చినవాడు అంతకు తగిన సౌకర్యము అడుగును, లేనప్పుడు ఆ కోపము మార్కులలో చూపును.

ఫోనులో బేరమాడి, "డబ్బు పంపుచున్నాను, ఈ కోడు స్కాను చేసి పిన్ను కొట్టుడు" అనువాడు మోసగాడు. డబ్బు వచ్చుటకు పిన్ను అక్కరలేదు. పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

చట్టము, పంట

గదుల అద్దె వ్యవసాయ ఆదాయము కాదు. తోటలో ఉన్నంత మాత్రమున దానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, లెక్కలు వేరుగా ఉంచుడు. కొత్తగా కట్టుటకు ముందు పంచాయతీ అనుమతి, భోజనము పెట్టుటకు ఆహార భద్రతా రిజిస్ట్రేషను తీసికొనవలెను. ఇంటివారు కూడ అక్కడనే నివసించుచు 1 నుండి 6 గదుల వరకు ఇచ్చువారిని కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకములో చేర్చుకొనును. ప్రతి అతిథి గుర్తింపు కార్డు చూచి పుస్తకములో వ్రాయుడు. విదేశీయులు దిగినచో 24 గంటలలోపు వారి వివరములు ప్రభుత్వమునకు ఆన్‌లైనులో పంపుట తప్పనిసరి.

ఇక మాకు ఎక్కువ ఆందోళన కలిగించునది వేరొకటి. కాఫీ పండ్లు కోతకు వచ్చునదియు నవంబరు నుండి జనవరి వరకే, అతిథులు విరగబడి వచ్చునదియు అప్పుడే. కోసిన పండు ఆ దినముననే పల్పింగు కావలెను. నిలువ ఉన్నచో పులిసి గింజ రుచి చెడును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీకి ఆ రుచియే ప్రాణము. అతిథికి ఎనిమిది గంటలకు ఇడ్లీ, పల్పరు దగ్గర ఇద్దరు మనుష్యులు, ఈ రెండును ఒకే ఇంటిలో కుదరని రోజులు ఉండును. ఇటలీలో రైతుల ఇండ్లలో బసలకై 1985లో చేసిన చట్టము పొలము పనియే ప్రధానముగా ఉండవలెనని నిర్ణయించినది. మనకు అట్టి చట్టము లేకున్నను ఆ కట్టుబాటు రైతే పెట్టుకొనవచ్చును. కోత ముమ్మరముగా ఉండు వారములలో సోమ, మంగళ, బుధవారములను అక్టోబరులోనే యాపులో మూసివేయుడు. మిగిలిన రోజులలో ఉదయము కోతకు అతిథిని కూడ రమ్మని, పల్పింగు దగ్గర నిలబెట్టి చూపుడు. వెళ్లునప్పుడు మీ మిరియములు, పసుపు, రాజ్‌మా కొనిపోవుదురు, దానికి కమీషను లేదు.

ఈ వలిసె కాలమునకు తెరువదలచినవారు ఆగస్టు నెలాఖరునకే ఖాతా తెరచుట మంచిది. వాన వెలసిన ఒక ఉదయము ఫోటోలు తీసి ఉంచుకొనుడు. మొదటి నాలుగైదు బసలు సెప్టెంబరులో తక్కువ ధరకు ఇచ్చినచో, అక్టోబరు నాటికి చదువువారికి మీ ఇంటిని గురించి నాలుగు మాటలు అక్కడ ఉండును.