మీకు తెలుసా? బండి పంటెక్కితేనే చేరే లంకలు

స్కాట్లాండు పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవులను మోటారు సైకిలు మీద చుట్టి రావడమంటే ఐరోపా బైకర్లకు పెద్ద మోజు. ఏ రోజు ఏ ఓడ, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలి, తిరుగు ఓడ ఎన్నింటికి అని నెలల ముందే లెక్కలు వేసుకుంటారు. వీసా, డబ్బు, సెలవు మూడూ కలిసొచ్చినవాళ్లు వెళ్లి రండి, కాదనం. చల్లపల్లి సెంటర్లో టీ తాగి బండి తీసేవాళ్లకు మాత్రం ఆ రకం యాత్ర పొద్దుటికీ సాయంత్రానికీ మధ్యే దొరుకుతుంది. దాని చుట్టూ పోగైన కొన్ని సంగతులివి.

మోపిదేవి దాటాక మీరు దీవిలోకి వెళ్తున్నారని తెలుసా?

చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్లే బండివాళ్లలో చాలామందికి ఇది తట్టదు. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య చిక్కిన నేలే దివి. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక అన్నీ ఆ నేల మీదివే. పులిగడ్డ అక్విడక్టు దగ్గర ఒక్క నిమిషం బండి ఆపి చూడండి: కింద నది పాయ, దాని మీదుగా కాలువ. ఒక నీటిని మరో నీటి మీదుగా నడిపిస్తే తప్ప ఇక్కడి పొలాలకు సాగునీరు లేదు.

నది దాటుతున్నప్పుడు కాళ్లు తడవకపోతే దీవిని దీవి అనుకోం. స్కాట్లాండులోని స్కై దీవికి 1995లో వంతెన పడ్డాక అక్కడా ఇదే వాదన మొదలైంది, ఇంకా దీవేనా, కాదా అని. దానికంటే గట్టి వాదన ఆ వంతెన మీద టోలు గురించి. కట్టబోమని జనం ఏళ్ల తరబడి పట్టుబడితే 2004 డిసెంబరులో ఎత్తేశారు.

దివికి వందేళ్ల కిందటే డీజిల్ ఇంజన్లు వచ్చాయని తెలుసా?

అక్విడక్టు కట్టకముందు దివి పొలాలకు నది నీళ్లను పంపులతో తోడి పోసేవారు. 20వ శతాబ్దం తొలి దశకంలోనే మద్రాసు ప్రభుత్వం ఇక్కడ డీజిల్ ఇంజన్లతో పెద్ద పంపింగ్ కేంద్రం పెట్టింది. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్ పనిచేస్తుందని లోకానికి రుజువు చేసింది 1897లో. ఆ తర్వాత పది పన్నెండేళ్లకే అది మన కృష్ణ ఒడ్డున నీళ్లు తోడుతోంది. బుల్లెట్ బండి చప్పుడుకు మురిసిపోయే కుర్రాళ్లు ఆ ఇంజన్ల మోత వినుంటే ఏమనేవారో!

ఒక దీవి మీద రెండు దేశాలు కన్నేశాయని తెలుసా?

1750లో మచిలీపట్నంతో పాటు దివి కూడా ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759లో కర్నల్ ఫోర్డ్ మచిలీపట్నం కోటను పట్టుకోవడంతో ఇంగ్లీషువారిదైంది. రేవు చేతిలో ఉన్నవాడిదే తీరం.

వంతెనలు ఎక్కడ అయిపోతాయో తెలుసా?

నాగాయలంకలో. అక్కడి నుంచి ఏటిమొగ రేవుకు వెళ్తే ఎదురుగా పాయ, ఆవలి ఒడ్డున ఎదురుమొండి. అసలు యాత్ర ఇక్కడే మొదలవుతుంది. ఈ రేవు మీద వారధి కట్టాలన్న మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఎదురుమొండి వాళ్లకు ఆసుపత్రి, కాలేజీ, మార్కెట్టు అన్నీ ఈ ఒడ్డునే. పురిటి నొప్పులొచ్చినా, పాము కాటేసినా మనుషుల్నీ బండ్లనూ దాటించే పంటు కోసం ఎదురుచూడాలి. సరదాకి వెళ్లే మనకు ముచ్చటగా తోచే ప్రయాణం వాళ్లకు రోజువారీ ఇబ్బంది. రేవులో తొందరపెట్టే హక్కు మనకంటే వాళ్లకే ఎక్కువ. పాలడబ్బాలు, చేపల బుట్టలు, బడిపిల్లలు ఎక్కాక చోటు మిగిలితే మన బండి.

ఇలాంటి యాత్రకు పథకం వేసేటప్పుడు చాలామంది చేసే పని, ఊళ్ల మధ్య కిలోమీటర్లు కూడటం. చల్లపల్లి నుంచి నాగాయలంక ఎంత, అక్కడి నుంచి ఏటిమొగ ఎంత అని. ఆ లెక్క ఇక్కడ చెల్లదు. ఇక్కడ లెక్క వెనక నుంచి మొదలవ్వాలి. రేవులో అడుగు పెట్టగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘అవతలికి పంటు ఎప్పుడండీ?’ కాదు, ‘అటునుంచి చివరి పంటు ఎన్నింటికండీ?’ అన్నది. ఆ ఒక్క జవాబు తెలిస్తే మిగతా రోజంతా దాని చుట్టూ దానంతటదే సర్దుకుంటుంది. హెబ్రిడీస్ వెళ్లేవాళ్లూ చేసేది ఇదే. కాకపోతే వాళ్లకు అచ్చేసిన టైంటేబులు ఉంటుంది, మనకు సరంగు నోటిమాట ఉంటుంది. గాలీ నీరూ మారినప్పుడు రెండూ ఒక్కలాగే తప్పుతాయి.

పంటు మీద బండిని ఎలా నిలపాలో తెలుసా?

పాతకాలం బల్లకట్టు అంటే రెండు పడవలను జోడించి పైన బల్లలు పరిచినది. ఇప్పటి పంట్లు చాలావరకు ఇనుపవి, ఇంజనుతో నడిచేవి. సూత్రం మాత్రం అదే: వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. అందుకే మేటలు వేసిన పాయలోనూ నడుస్తాయి.

ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసే బల్ల మీద ఇంజను రేజు చేసి ఎక్కేయాలని చూడకండి. తడి బల్ల మీద చక్రం జారితే బండీ మీరూ బురదలో ఉంటారు. మొదటి గేరులో నిదానంగా ఎక్కించాలి. అనుమానంగా ఉంటే దిగి, వెనక ఒకరి చేత తోయించుకోవాలి. నిలిపాక ఇంజను ఆపి గేరులో ఉంచాలి, న్యూట్రల్‌లో వదలకూడదు. స్టాండు కింద చిన్న చెక్కముక్క పెడితే ఇనుపరేకు మీద జారదు. పంటు కదిలాక బండి పక్కనే నిలబడి హ్యాండిలు పట్టుకోవాలి. సెల్ఫీ ఆ తర్వాత.

స్కాట్లాండు ఓడల్లో అలలు పెద్దవి గనుక పట్టీలతో బండిని ఓడ నేలకు బిగించి కడతారు. సీటు మీదుగా పట్టీ వేసేటప్పుడు కింద మెత్తటి గుడ్డ పెట్టుకోమని అనుభవమున్నవాళ్లు చెబుతారు. ఆ సలహా మనకూ పనికొస్తుంది, టాంకు మీద గీతలు పడితే బాధపడేవాళ్లకైతే మరీను.

నిన్నటి టైము ఈ రోజు పనికిరాదని తెలుసా?

సముద్రం దగ్గరున్న రేవుల్లో నీరు రోజుకు రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. చంద్రుడు తిరిగే లెక్క అది. అందుకే వారం కిందట పది గంటలకు నిండుగా ఉన్న రేవులో ఇవాళ అదే పదికి బురద గట్టు పైకి తేలి కనిపించవచ్చు. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటి మట్టంలో తేడా ఇంకా ఎక్కువ. కృష్ణా తీరంలో ఆటుపోట్ల ఎత్తు మీటరు, మీటరున్నర. హెబ్రిడీస్‌లో లూయిస్ దీవి మీది స్టోర్నవే రేవులో అది నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. అదే దీవుల వరసలో ఉన్న బారాలో విమానాలు ఇసుక తీరం మీదే దిగుతాయి. అక్కడ విమానాల వేళలను కూడా పోటే నిర్ణయిస్తుంది.

చేత్తో తిప్పే ఓడ ఒకటి ఇంకా నడుస్తోందని తెలుసా?

స్కై దీవికి వంతెన ఉన్నా, గ్లెనెల్గ్ నుంచి కైల్‌రీ రేవుకు ‘గ్లెనాచులిష్’ అనే చిన్న ఓడ తిరుగుతూనే ఉంది. 1969లో కట్టారు. ఆరు కార్లు పడతాయి. రేవులో ఆగాక, కార్లు నిలిచిన బల్లను సిబ్బంది చేతులతో తోసి తిప్పుతారు. ఈ రకం ఓడల్లో ప్రపంచంలో మిగిలింది ఇదొక్కటే అంటారు. నడిపేది ఆ చుట్టుపక్కల జనమే, వేసవిలోనే.

మన ఊళ్ల కైఫియతులు పోగు చేయించింది స్కాట్లాండు దీవివాడని తెలుసా?

ఈ జాబితాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. కాలిన్ మెకంజీ పుట్టింది 1754లో, ఇందాక చెప్పిన స్టోర్నవేలో. కొంతకాలం అక్కడే కస్టమ్స్ ఉద్యోగం చేశాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కలకత్తా దగ్గర చనిపోయాడు. పుట్టిన దీవికి మళ్లీ వెళ్లలేదు.

అతని పేరు మనకు నిలిచింది సర్వే వల్లకంటే కైఫియతుల వల్ల. ఏ ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఎవరు ఏలారు, గుడికి ఎవరు మాన్యమిచ్చారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు అని కరణాల చేత రాయించాడు. రాయించాడు అన్నమాటే గానీ, తిరిగింది, అడిగింది, చదివి చెప్పింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. అతను లేకపోతే ఈ దేశం గురించి తెలుసుకునే దారే తనకు తెరుచుకునేది కాదన్న భావం మెకంజీ స్వయంగా వెలిబుచ్చాడు. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపాన్ని 1798 ప్రాంతంలో చూసి, 1816 తర్వాత మళ్లీ మనుషుల్ని పెట్టి ఆ శిల్పాలను గీయించిందీ ఇతనే. చాలా రాళ్లు తర్వాత చెదిరిపోయాయి, కొన్నిటికి ఆ గీతలే మిగిలాయి.

నదులూ అడవులూ దాటుతూ గుర్రాల మీద, పల్లకీల్లో, పడవల్లో ఆ బృందం తిరిగింది. ఇప్పుడు బైకర్లు ఉల్లాపూల్ రేవులో ఓడెక్కి రెండున్నర గంటలు దాటాక దిగేది ఆ స్టోర్నవేలోనే. అక్కడికి ఆదివారం ఓడ నడపడం 2009లోగానీ మొదలు కాలేదు. ఆదివారం దేవుడి రోజని దీవివాళ్లు అన్నాళ్లూ ఒప్పుకోలేదు.

మన రేవులకు ఏటేటా పాట జరుగుతుందని తెలుసా?

రేవు నడిపే హక్కును స్థానిక సంస్థలు వేలం వేస్తాయి. పాడుకున్నవాడు మనిషికి ఇంత, బండికి ఇంత అని వసూలు చేసుకుంటాడు. బోర్డు మీద ఒక రేటు, చేతిలో పెట్టాల్సింది ఇంకో రేటు కావడం కొన్ని రేవుల్లో మామూలే. చిల్లర దగ్గర ఉంచుకోండి, ఫోన్లో డబ్బు పంపుదామంటే నది మధ్యలో సిగ్నలు ఉంటుందన్న నమ్మకం లేదు. హెబ్రిడీస్‌లో ఓడలు నడిపేది 1973లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ కాల్‌మాక్. 2008 నుంచి అక్కడ దశలవారీగా ఒక పద్ధతి తెచ్చారు: అంతే దూరం రోడ్డు మీద వెళ్తే ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టి ఓడ చార్జీ. దీవిలో పుట్టిన పాపానికి ఎక్కువ కట్టకూడదన్నది అందులోని న్యాయం. ఎదురుమొండి మనిషికి కూడా ఆ న్యాయం అందాలని అడిగితే తప్పేముంది?

ఏ నెలల్లో వెళ్లకూడదో తెలుసా?

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఆలోచించి అడుగు వేయాలి. ముందు వరదలు, తర్వాత తుఫాన్లు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలారు. ఆ నీరంతా సముద్రానికి చేరేది ఈ లంకల పక్కనుంచే. విజయవాడలో వరద హెచ్చరిక ఇచ్చారంటే ఇక్కడి రేవుల్లో పడవలు ఆగుతాయి.

1977 నవంబరు 19 సంగతి దివిలో ఎవరినీ అడగనక్కర్లేదు, వాళ్లే చెబుతారు. ఉప్పెన ఊళ్ల మీద పడి పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. దారిలో స్తంభాల మీద ఎత్తుగా లేపి కట్టిన భవనాలు కనిపిస్తాయి. తుఫాను వస్తే జనం తలదాచుకోవడానికి కట్టినవి అవి. హంసలదీవి సంగమానికి వెళ్లేవాళ్లు ఇదే పాలకాయతిప్ప మీదుగా బీచికి చేరతారు. జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. మాఘ పౌర్ణమికి వెళ్తే మాత్రం బండి నిలపడానికి చోటు వెతుక్కోవాలి.

బండి వెళ్లని చోటు కూడా ఉందని తెలుసా?

ఈలచెట్లదిబ్బ. నాగాయలంక మండలంలోని మత్స్యకారుల లంక, పడవ మీదే వెళ్లాలి. ఎన్నికలొస్తే ఓటింగు యంత్రాలూ పడవే ఎక్కుతాయి. ఆ చుట్టూ మడ అడవులు, కృష్ణా అభయారణ్యం. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఇక్కడ ఉంటుంది. అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి అడగాలి. తీరం చివర గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ దారుల్లో ముందు ముందు ఎంతవరకు పోనిస్తారో చూడాలి.

బండికి ఉప్పు ఏం చేస్తుందో తెలుసా?

చెయిను తుప్పు పడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. ఇంటికి చేరిన రోజే మంచినీళ్లతో కడిగి చెయినుకు నూనె పెట్టాలి, రేపటికి వాయిదా వేయొద్దు. పెట్రోలు అవనిగడ్డలోనే నింపుకోండి.

దివితో తనివి తీరకపోతే ఎటు వెళ్లాలో తెలుసా?

చల్లపల్లి మీదుగా వెళ్లే 216 జాతీయ రహదారి పట్టుకుని మచిలీపట్నం మీదుగా నరసాపురం వెళ్లండి. రహదారి చించినాడ వంతెన మీదుగా వశిష్ఠను దాటుతుంది. మీరు దాన్ని వదిలేసి మాధవాయిపాలెం రేవులో పంటెక్కితే ఆవల సఖినేటిపల్లి, అంటే కోనసీమ. అక్కడి నుంచి అమలాపురం, ఆపైన ముక్తేశ్వరం రేవు. గౌతమి మీద మరో పంటు, దిగితే కోటిపల్లి. ఎదుర్లంక–యానాం మధ్య బాలయోగి వారధి ఉంది గదా అనేవాళ్లుంటారు. వారికి ఈ వ్యాసంతో పని లేదు. తెల్లవారుజామునే చల్లపల్లిలో బయల్దేరితే రెండు పంట్లూ ఎక్కి చీకటి పడేలోపు కోటిపల్లి చేరవచ్చు. బస అక్కడ కుదరకపోతే ద్రాక్షారామం, అదీ కాకపోతే రామచంద్రపురం, రెండూ దగ్గరే.