కొండదారి సైకిలు గొలుసు

సైకిలు త్రొక్కువాని కాలిబలము వెనుక చక్రమునకు చేరవలెనన్న అది గొలుసు మీదుగా పోవలయును. పూర్వపు ఎత్తుచక్రపు సైకిళ్లకు గొలుసే లేదు. పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే బిగింపబడి యుండెడివి. వేగము కావలెనన్న చక్రమును పెద్దది చేయుట తప్ప వేఱు దారి లేకుండెను. 1880లో హాన్స్ రెనాల్డ్ అను స్విట్జర్లాండు దేశీయుడు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున, చీలలపై చిన్న గొట్టములు తిరుగుచుండు దృఢమైన గొలుసును రూపొందించెను. 1885లో జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీలో నిర్మించిన ‘రోవర్’ సైకిలు గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పెను. నేటి సైకిళ్లన్నియు దాని సంతతివే.

కొండదారి సైకిలు పుట్టుక ఇంకను ఇటీవలిది. 1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టమల్‌పాయిస్ పర్వత ప్రాంతమునందు కొందఱు యువకులు లావుటైర్ల పాత సైకిళ్లను బాగుచేసికొని మట్టిదారుల వెంట క్రిందికి దూసికొని పోవుచుండెడివారు. 1976లో వారు మొదలిడిన పందెమునకు ‘రీప్యాక్’ అని పేరు. బ్రేకు వేడికి వెనుక హబ్బులోని గ్రీజు మాడిపోవుటచే, దిగిన ప్రతిసారియు దానిని మరల నింపవలసి వచ్చెడిది. పేరు అందుండి వచ్చినదే. 1977లో జో బ్రీజ్ అట్టి దారులకే తగినట్లు ప్రత్యేకముగా ఒక చట్రమును నిర్మించెను. అనగా ఈ సైకిలు జాతి యంతయు ఇంటిలో విడిభాగములు మార్చుకొనిన వారి చేతులలోనే పుట్టినది. నేడు మన ఇంటి వసారాలో ఆ పని చేయబూనుట వింత యేమియు కాదు.

అయితే ఏది, ఎందులకు మార్చవలెనో ముందు తెలియవలెను. దానికి కొంచెము లెక్క అవసరము. ముందరి చక్రపు పండ్ల సంఖ్యను వెనుక చక్రపు పండ్ల సంఖ్యచే భాగించినచో, పెడలు ఒక చుట్టు తిరిగినపుడు వెనుక చక్రము ఎన్ని చుట్లు తిరుగునో తెలియును. ముందు 32, వెనుక 16 అయినచో రెండు చుట్లు. 29 అంగుళముల చక్రపు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు గనుక, ఒక త్రొక్కుడుచుట్టుకు సైకిలు 4.6 మీటర్లు సాగును. ముందుకంటె వెనుక పండ్లు ఎక్కువైనచో సైకిలు తక్కువ దూరము సాగును, కాని కాలికి భారము తగ్గును. ఏటవాలు ఎక్కుటకు కావలసినది ఇదియే.

ఒక సైకిలును ఉదాహరణముగా తీసికొందము. దానికి ముందు 42, 32, 22 పండ్ల చక్రములు మూడు. వెనుక 11 మొదలు 34 వఱకు ఎనిమిది చక్రములు. మూడెనిమిదులు ఇరువది నాలుగు గేర్లని అంగడివాడు గొప్పగా చెప్పును. లెక్కవేసి చూడుడు. ముందు 42, వెనుక 26 అయినపుడు నిష్పత్తి 1.62, ముందు 32, వెనుక 20 అయినపుడు 1.6. రెండును ఒక్కటే యనవచ్చును. ఇట్టి జంటలు పెక్కు. అందుచేతనే ముందు ఒక్క చక్రమునే ఉంచి, వెనుక పెద్ద శ్రేణిని అమర్చు పద్ధతి కొండ సైకిళ్లలో వ్యాపించినది. ముందు 30 పండ్లది ఒకటి, వెనుక 11 మొదలు 46 వఱకు పది చక్రములు అమర్చితిమనుకొనుడు. అతి తేలిక గేరు 30/46, అనగా 0.65. పాతదానిలో అది 22/34, అదియు 0.65 యే. ఎక్కుటలో నష్టము లేదు. దిగుటలో మాత్రము ఉన్నది: పాతదాని అతి బరువు గేరు 42/11, అనగా 3.82, క్రొత్తదానిది 2.73. చదునైన తారురోడ్డుపై వేగముగా పోవువానికి ఈ మార్పు తగదు. కొండకెన్నడును పోనివాడు దీనికై ధనము వెచ్చించుట వ్యర్థమని నా అభిప్రాయము.

మార్పు మాట అటుంచి, ముందుగా గొలుసు అరుగుదలను చూడవలెను. దీనికి బడికి తీసికొనిపోవు పండ్రెండు అంగుళముల స్కేలు చాలును. గొలుసులో ఒక చీలనుండి మఱియొక చీలకు దూరము సరిగా అర అంగుళము. కావున క్రొత్త గొలుసున ఒక చీల నడిమిని స్కేలు సున్నపై ఉంచినచో, ఇరువది నాలుగవ లంకె చివరి చీల నడిమి సరిగా పండ్రెండవ అంగుళముపై నిలుచును. గొలుసు సాగినదని జనులు చెప్పుదురు గాని ఉక్కు సాగలేదు. చీలయు, దాని చుట్టు తిరుగు లోహమును ఒరసికొని అరుగగా ఎడము పెరిగినది. చీల అంగుళములో పదునాఱవ వంతు దాటినచో గొలుసు మార్చవలెను. ఎనిమిదవ వంతు దాటిన పిమ్మట, ఎడమైన గొలుసు పండ్లను సైతము తినివేసియుండును. అప్పుడు క్రొత్త గొలుసు ఒక్కటి వేయుట ప్రమాదము. అరిగిన పండ్లపై అది సరిగా కూర్చొనదు. ఎత్తు ఎక్కుచు పెడళ్లపై లేచి నిలుచుండి బలముగా త్రొక్కిన క్షణముననే పండ్లపై నుండి జాఱును. కాలిక్రింది ఆధారము ఒక్కసారిగా పోవును. త్రొక్కువాడు చట్రముపైనో, హ్యాండిలుపైనో పడును. గొలుసును సకాలమున మార్చినవానికి వెనుక చక్రముల ఖర్చు తప్పును.

భాగములు కొనునపుడు అవి ఒండొంటికి సరిపోవునా యని చూచుట ఈ పనిలో అతి కష్టమైన భాగము. మన ఊళ్లలోని గేరు లేని సైకిలు గొలుసు లోపలి వెడల్పు అంగుళములో ఎనిమిదవ వంతు. గేరు సైకిలుది అంతకంటె సన్నము. వెనుక చక్రముల సంఖ్య పెరిగిన కొలది గొలుసు ఇంకను సన్ననగును. కావున పది చక్రములకు పది చక్రముల గొలుసే కావలెను. గేరు మార్చు మీటయు, వెనుకనున్న డిరైలరును కూడ పరస్పరము సరిపోవలెను. 1984లో షిమానో సంస్థ, మీట ఒక్కొక్క ‘టిక్కు’నకు గొలుసు ఒక్కొక్క చక్రము జరుగు పద్ధతిని అమ్మకమునకు తెచ్చెను. అంతకు ముందు త్రొక్కువాడు చేతి అంచనాతోనే సర్దుకొనెడివాడు; ఏ మీటయైనను సరిపోయెడిది. ఇప్పుడు ఒక టిక్కుకు తీగ ఎంత లాగబడునో సంస్థను బట్టి, చక్రముల సంఖ్యను బట్టి మాఱును. ఒకదాని మీట, మఱియొకదాని డిరైలరు కూర్చినచో గొలుసు రెండు చక్రముల నడుమ గలగలలాడుచుండును. పైగా 34 పండ్లకు చేసిన పాత డిరైలరు 46 పండ్ల చక్రమును అందుకొనలేదు. కనుక మన ఉదాహరణములో మీట, డిరైలరు, గొలుసు, వెనుక శ్రేణి నాలుగును కలసియే మాఱవలెను.

ఇక పని. చైను కట్టరుతో చీలను త్రోసి పాత గొలుసును ఊడదీయవలెను. వెనుక చక్రమును విప్పి, శ్రేణిని పట్టియుంచు లాక్ రింగును దానికై చేసిన పనిముట్టుతో ఎడమవైపునకు త్రిప్పవలెను. అటు త్రిప్పినపుడు శ్రేణియంతయు వదులుగా వెనుకకు తిరిగిపోవును గనుక, గొలుసుముక్క తగిలించిన ఇనుపకడ్డీతో దానిని పట్టియుంచుదురు. క్రొత్త శ్రేణికి లోపల గాళ్లలో ఒకటి మిగిలినవానికంటె భిన్నముగా నుండును; అది ఒక్క తీరుననే కూర్చొనును, పొరపాటునకు తావులేదు. ముందు అమర్చు ఒంటిచక్రమునకు పండ్లు ఒకటి లావు, ఒకటి సన్నముగా చేయబడును. గొలుసు లంకెలును ఒకటి వెడల్పు, ఒకటి ఇఱుకు గదా! కుదుపులలో గొలుసు ఊడిపోకుండుటకు ఈ చిన్న ఉపాయము ఎంతయు తోడ్పడును. ముందరి డిరైలరు, ఎడమచేతి మీట, వాని తీగ ఇక అక్కఱలేదు.

క్రొత్త గొలుసును డిరైలరు గుండ కాక, ముందరి చక్రము మీదుగాను వెనుకనున్న అతి పెద్ద చక్రము మీదుగాను చుట్టి, చివరలు కలియు చోటికి తయారీదారు చెప్పినన్ని లంకెలు కలిపి త్రుంపవలెను. వెనుక స్ప్రింగు గల సైకిలునకు ఆ స్ప్రింగు అణగినపుడు కావలసిన పొడవును కొలువవలెను. పొడవైన గొలుసును మరల త్రుంపవచ్చును. పొట్టిదైనచో, ఆఖరి గేరులో అది బిగిసి డిరైలరును విఱుచును.

డిరైలరుపైనున్న రెండు చిన్న మరలు దాని కదలికకు హద్దులు. అతి పెద్ద చక్రము వైపు హద్దును ముందుగా సరిచేయవలెను. అది వదులైనచో గొలుసు పోచలలో పడి చక్రమును పట్టివేయును. తరువాత చేతితో పెడలు త్రిప్పుచు గేరు ఒక్కొక్కటిగా మార్చి చూడుడు. గొలుసు పెద్ద చక్రము పైకి ఎక్కుటకు జంకినచో తీగ బిగువుమరను ఎడమవైపునకు అరచుట్టు త్రిప్పుడు. చిన్నదానికి దిగుటకు జంకినచో కుడివైపునకు. క్రొత్త తీగ మొదటి కొలది దినములలో తన గొట్టములో సర్దుకొని వదులగును. వారము దినముల తరువాత ఇంకొక పావుచుట్టు త్రిప్పవలసి వచ్చును.